పచ్చి సరుక్కి మైల లేదు

మా బరంపురంలో మతసామరస్యం గురించి ఎవరైనా మాట్లాడాలంటే ముందు నన్నే పిలుస్తారు. రంజాన్‌కి ముందొకసారి, రథయాత్రకి ముందొకసారి, గణేశ్ పూజకి ముందొకసారి, రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి అమ్మవారి యాత్రకి ముందైతే రెండుసార్లు శాంతి కమిటీ మీటింగు పెడతారు. పోలీస్ స్టేషన్ ఆవరణలో షామియానా వేస్తారు. ముందు వరసలో ఒక గడ్డం, ఒక బొట్టు, మళ్ళీ ఒక గడ్డం, ఒక బొట్టు వచ్చేలా మమ్మల్ని కూర్చోబెట్టి ఫోటో తీస్తారు. ఫోటో అయ్యాక ఎవరి కుర్చీ వాళ్ళు తమవాళ్ళ వైపు జరుపుకుంటారు.

నేను హైస్కూల్లో చరిత్ర చెబుతాను. ఒడియాలో మొదలుపెట్టి తెలుగులో నడిపించి ఇంగ్లీషులో ముగించగలను. చూడ్డానికి శాంతమూర్తిలా ఉంటాను. నిజానికి నాకు కోపం జాస్తి, కానీ అదంతా ఇంట్లోనే ఖర్చయిపోతుంది, మీటింగు దాకా మిగలదు. అన్నిటికీ మించి నా దగ్గర ఒక కథ ఉంది. సేమియా కథ. పదేళ్ళుగా అదే చెబుతున్నాను. ఈలోగా ఇన్‌స్పెక్టర్లు ఎందరో బదిలీ అయ్యారు గానీ నా కథకి మాత్రం బదిలీ రాలేదు. చప్పట్లయ్యాక మనిషికో సింగడా, అంటే మన సమోసాయే, ఒక రసగోలా, టీ ఇస్తారు. నేను రసగోలాలు రెండు తింటాను. యాభై ఎనిమిదేళ్ళొచ్చినా నా ఒంట్లో చక్కెర జబ్బు లేదని అందరితో గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

కథ ఇది. ముప్పయ్యేళ్ళ కిందట మా పక్కిల్లు అమ్మకానికొచ్చింది. అమ్మినవాడు మావాడే. మంచి ధర పలికేసరికి ముస్లిముల కుటుంబానికి అమ్మేసి విశాఖపట్నం చెక్కేశాడు. మా తాత పౌరోహిత్యం చేశాడు, నాన్న బడిపంతులు. ఆ అమ్మకం సంగతి తెలిశాక నాన్న నెల్లాళ్ళు ఆ గోడవైపు మొహం పెట్టి భోజనం చెయ్యలేదు. అన్నం తినేప్పుడు మొహం ఎటు ఉందన్నది ఆయనకి అంత ముఖ్యమని అప్పటిదాకా మాకూ తెలీదు.

అంతలో రంజాన్ పండగొచ్చింది. పొద్దున్నే ఆ ఇంటి యజమాని పెద్ద పళ్ళెం పట్టుకుని మా మెట్ల దగ్గర నిలబడ్డాడు. పళ్ళెం మీద జాలీ గుడ్డ కప్పి ఉంది. నాన్న వద్దనే మాట నాలిక చివర పెట్టుకునే బయటికొచ్చాడు. పక్కింటాయన గుడ్డ తీశాడు. ఎండు సేమియా, పంచదార, జీడిపప్పు, కిస్‌మిస్, నాలుగు ఏలకులు, చిన్న సీసాలో నెయ్యి, ఒక పాల పేకెట్టు ఉన్నాయి. వండినది ఒక్కటీ లేదు. "స్వయంపాకం, పంతులుగారూ," అన్నాడాయన.

వండుకోవడానికి ఇచ్చే పచ్చి సరుకుల్ని స్వయంపాకం అంటారు. మా తాత జీవితమంతా ఇంటింటా అదే పుచ్చుకున్నాడు. ఆ మర్యాద ఎదుటివాడు ఎక్కడ నేర్చుకున్నాడో గానీ, నాన్న పళ్ళెం వైపు రెండోసారి చూశాడు. శాస్త్రాలన్నీ లోపల్లోపల తిరగేసి ఉంటాడు, కాదనడానికి ఒక్క ముక్కా దొరికి ఉండదు. చివరికి గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు. "పచ్చి సరుక్కి మైల లేదు." పళ్ళెం లోపలికి తెచ్చాడు.

అమ్మ పాయసం వండింది. అలవాటు ప్రకారం చిటికెడు పచ్చకర్పూరం వేసింది. అంతా మనమే తింటే ఏం బాగుంటుందని సగం గిన్నెలో పోసి పక్కింటికి పంపింది. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని వాళ్ళు అందులో పటికబెల్లం ముక్కలు వేసి తిరిగి పంపారు. అంతే, అదే ఆచారమైపోయింది. నాన్న పోయాడు. ఆ ఇంటాయనా పోయాడు. ఆచారం మాత్రం ఒక్క ఏడూ తప్పలేదు.

మీటింగులో నేను దీన్ని ఎలా ముగిస్తానంటే, "వాళ్ళ సరుకు, మా వంట, ఒకే సేమియా రెండు ఇళ్ళలో. మా పక్కింట్లో రంజాన్ వాసనంటే మా అమ్మ వేసిన పచ్చకర్పూరం వాసనే," అంటాను. చప్పట్లు అక్కడే ఎక్కువ. ముప్పయ్యేళ్ళలో వాళ్ళింట్లో వండింది మాలో ఒక్కరమూ ఒక్క ముద్దయినా మింగలేదన్న సంగతి మాత్రం కథలో చెప్పను. చెప్పలేదు గనక ఎవరూ అడగలేదు.

మా పండగలకీ ఒక తమాషా ఉంది. దేవుడికి నైవేద్యం పెట్టింది వాళ్ళకి పంపితే వాళ్ళ మతానికి ఇబ్బందేమోనని అమ్మ భయం. అందుకని తెల్లారుతూనే వేరే చిన్న గిన్నెలో వాళ్ళకి పులిహోర కలిపి పంపేశాకే దేవుడి వంట మొదలుపెట్టేది. అలా ముప్పయ్యేళ్ళుగా మా ఇంట్లో మొదటి పంక్తి పక్కింటివాళ్ళది, దేవుడిది రెండో పంక్తి.

ఆ ఇంటావిణ్ణి నేను పిన్ని అంటాను. ఆవిడ పుట్టిల్లు గంజాం. చిన్నప్పట్నించీ చుట్టూ తెలుగు జాలర్ల ఇళ్ళేనట, అందుకని మనలాగే మాట్లాడుతుంది. మా అమ్మని అప్పా అంటుంది. అక్కని మా వైపు అప్ప అంటారు, ఒడియాలోనూ అపా అంటారు, వాళ్ళ ఉర్దూలోనూ ఆపా అంటారు. కాబట్టి ఆ పిలుపు మీద ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. పెరటి గోడకి అటొక రాయి, ఇటొక రాయి. వాటిమీద నిలబడి ఇద్దరూ అప్పడాల పిండి దగ్గర్నించి అల్లుళ్ళ బుద్ధుల దాకా మాట్లాడుకునేవారు. ఇప్పుడిద్దరికీ మోకాళ్ళు పోయాయి. గోడకి అటూ ఇటూ కుర్చీలు వేసుకుని ఒకరి మొహం ఒకరికి కనపడకుండానే మాట్లాడుకుంటారు.

పిన్ని కొడుకు నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్న. మోటార్లకి వైండింగు చేసే షాపుంది, మైకు సెట్లు కూడా అద్దెకిస్తాడు. మా వీధిలో నీళ్ళ మోటారు కాలిపోతే అతనే దిక్కు. శాంతి కమిటీ మీటింగుకి మైకు కట్టేదీ అతనే. కాబట్టి నా సేమియా కథ పదేళ్ళుగా ఆంప్లిఫయరు వెనక కూర్చుని విన్నాడు, నా రసగోలాలు రెండూ చూశాడు.

నిరుడు శీతాకాలంలో అతనొకరోజు గుమ్మం దగ్గరికొచ్చి ఇల్లు అమ్మేశానని చెప్పాడు. ఊరికి ఆ కొసన, వాళ్ళవాళ్ళుండే పేటలో చిన్న ఇల్లు చూసుకున్నాడట. రంజాన్ వెళ్ళాక మారతామన్నాడు. ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాను.

"కిఛి నాహిఁ మాస్టారూ, ఎవరూ ఏటీ అనలేదు. అనకముందే ఎల్లిపోతే అందరికీ మంచిది కదా," అన్నాడు.

అయ్యో అన్నాను. నిజంగానే బాధపడ్డాను. ఆ బాధలోనే ఇల్లు కొన్నదెవరని కూడా అడిగాను. మీవాళ్ళే మాస్టారూ అన్నాడు. నా గుండె ఒక్క క్షణం తేలికపడింది. ఈ మాట ఒకసారి రాసి కొట్టేశాను, కానీ తేలికపడిన మాట నిజం.

అమ్మ ఆరోజు రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది. పండగ ఇంకో రెండు వారాలుందనగా, మధ్యాహ్నం నేను అన్నం తింటుంటే పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఈ పండక్కి సెల్లి ఇంట్లో కూచుని, అది వండింది తింటాను. అది ఎల్లిపోయేలోపు ఒక్కసారి. మళ్ళీ ఈ జన్మకి కుదరదు," అంది.

ఎనభై రెండేళ్ళ మనిషి. ఉల్లిపాయ తగిలిన గరిటె కూడా పక్కన పెట్టేసే మనిషి. మోకాళ్ళ నొప్పులు గుర్తుచేశాను. ఆ ఇంటి గిన్నెల్లో ఏమేం వండుతారో గుర్తుచేశాను. పాత్రపూర్ చుట్టాల చెవిన పడితే ఊరుకోరని, పెదవి దాటితే పృథివి దాటుతుందని చెప్పాను. పట్నం అంతటికీ మైకులో చెప్పగలిగినవాడివి పాత్రపూర్‌కి చెప్పలేవా అని అడిగింది. మా ఆవిడ మజ్జిగ పోస్తూ, మీరు మీటింగుల్లో చెప్పేది అదే కదండీ అంది. నాకు కోపం ముంచుకొచ్చింది. మజ్జిగన్నం అలాగే వదిలేసి లేచిపోయాను. గురివింద గింజకి తన నలుపు ఎవరైనా చూపిస్తే ఎలా ఉంటుందో ఆరోజు నాకు బాగా తెలిసింది.

సాయంత్రం, ఉపవాసం విడిచే వేళ దాటాక, పిన్ని కొడుకు షాపుకి వెళ్ళాను. అతను ఒక మోటారు ముందేసుకుని రాగి తీగ చుడుతున్నాడు. అమ్మ కోరిక చెప్పాను. అతను కాదంటే బాగుణ్ణని కోరుకుంటూ చెప్పాను. అతని చేతిలో తీగ ఆగిపోయింది. షాపు బయటికి ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, వద్దు మాస్టారూ అన్నాడు. అమ్మగారు మా అమ్మలాంటి మనిషే, కానీ ఎవడో ఒకడు ఫోన్లో ఫోటో తీసి, ముసలావిడ చేత ఏదో తినిపించారని పెడితే తన గతేమిటన్నాడు. ఇల్లు అప్పజెప్పాల్సిన రోజులు, ఇప్పుడు గొడవెందుకు, ఎప్పట్లాగే పచ్చి సరుకు పళ్ళెంలో తెస్తానన్నాడు.

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. ఇద్దరం చేతులు కలుపుకున్నాం. ఎదురు హోటల్నించి టీ తెప్పించాడు. ఎన్నో సంధుల గురించి పిల్లలకి పాఠాలు చెప్పాను గానీ రెండు మతాలవాళ్ళ మధ్య ఇంత తొందరగా, ఇంత సంపూర్ణంగా కుదిరిన అవగాహన నేను ఎరగను. దాని సారాంశం ఒకటే, ఇద్దరు ముసలమ్మలు కలిసి ఒక కప్పుడు పాయసం తినకూడదు.

ఆ వారంలోనే రంజాన్ ముందరి మీటింగు జరిగింది. కథ చెప్పాను. పచ్చకర్పూరం దగ్గరికొచ్చేసరికి అతను తల వంచుకుని ఆంప్లిఫయరు మీద ఏదో మర తిప్పుతున్నాడు. అది మామూలే, ఆ మాట దగ్గర ఏటా అలాగే తల వంచుకుంటాడు. నా గొంతు బాగా వినపడాలని శ్రద్ధ కాబోలనుకునేవాణ్ణి.

పండగ పొద్దున్న కొత్త తెల్ల లాల్చీ వేసుకుని పళ్ళెంతో వచ్చాడు. జాలీ గుడ్డ, సేమియా, పంచదార, అన్నీ ఒప్పందం ప్రకారమే ఉన్నాయి. నేను పళ్ళెం అందుకుని వెనక్కి తిరిగేసరికి అమ్మ నిలబడి ఉంది. నా పెళ్ళికి కట్టుకున్న బరంపురం పట్టుచీర కట్టుకుంది. పద అంది. ఎక్కడికమ్మా అన్నాను.

"మీ నాన్న ఏటన్నారు? పచ్చి సరుక్కి మైల లేదన్నారు. ఈ పళ్ళెంలో ఉన్నది పచ్చి సరుకే. అది ఎవరి పొయ్యి మీద వండాలో ఆయన సెప్పలేదు," అంది.

అతనూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అంత గట్టి సంధిలో ఇంత పెద్ద కన్నం ఉందని మాకు తట్టలేదు. నువ్వు చెప్పు అన్నట్టు నేను అతన్ని చూశాను, మీరే చెప్పండి అన్నట్టు అతను నన్ను చూశాడు. పండగపూట గుమ్మంలో నిలబడి, ఎనభై రెండేళ్ళ మనిషిని మా ఇంటికి రావద్దని అతను చెప్పలేడు. ఈలోగా అమ్మ మెట్టు దిగడానికి ఊతం కోసం చెయ్యి చాచి అతని మోచెయ్యి పట్టేసుకుంది. ఇక చెప్పడానికేం లేదు.

మా గుమ్మం నుంచి వాళ్ళ గుమ్మానికి పట్టుమని పదిహేను అడుగులుండవు. పళ్ళెం పట్టుకుని వెనక నడుస్తూ నేను వీధి ఈ చివర్నించి ఆ చివర దాకా చూసుకున్నాను. స్కూటరు మీద ఎవరో పోతుంటే అనవసరంగా నవ్వాను. లోపలికెళ్ళగానే అతను తలుపు వేసి కిటికీ తెర లాగాడు. దొంగతనానికి వచ్చిన ఇద్దరిలా మేం ముందు గదిలో కూర్చున్నాం. వంటిల్లు అక్కణ్ణించి తిన్నగా కనిపిస్తుంది.

పిన్ని ఏమీ ఆశ్చర్యపోలేదు. స్టవ్వు పక్కన మా అమ్మ కోసం ముందే ముక్కాలిపీట వేసి, దాని మీద మెత్తటి గుడ్డ మడిచి పెట్టి ఉంది. షాపులో మగాళ్ళం ఒప్పందం చేసుకునే నాటికే గోడ దగ్గర ఆడవాళ్ళ ఒప్పందం పూర్తయిపోయిందని అప్పుడర్థమైంది. పిన్ని పొయ్యి మీద పెట్టిన గిన్నె వైపు నేను చూడకుండా ఉండలేకపోయాను. స్టీలు గిన్నె. దాని మీద కంపెనీ కాగితం అంటించింది అంటించినట్టే ఉంది, కాకపోతే పాతబడి గోధుమరంగుకి తిరిగింది.

అమ్మ కూడా దాన్నే చూస్తోంది. పిన్ని చెప్పింది. ఈ ఇంటికొచ్చిన ఏడాది, మొదటి పండక్కి మమ్మల్ని భోజనానికి పిలవాలని కొన్న గిన్నెట. వాళ్ళు తినరు, పచ్చిదే తీసుకెళ్దాం అని వాళ్ళాయన అన్నాట్ట. అప్పట్నించీ అది పైఅలమారలోనే ఉంది. "ఇందులో ఇంతవరకూ ఏదీ వండలేదు అప్పా," అంది. అమ్మ ఆ కాగితాన్ని గోటితో గీకి చూసింది. అది రాలేదు.

సేమియా నేతిలో వేగుతున్న వాసన ముందుగది దాకా వచ్చింది. పాలు పోసింది పిన్ని. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. ముప్పయ్యేళ్ళు గోడ మీంచి అన్నీ మాట్లాడేసుకున్నారు, ఇక మిగిలిందేముంది. పాలు చిక్కబడ్డాక అమ్మ కొంగుముడి విప్పి చిన్న డబ్బీ తీసింది. పచ్చకర్పూరం డబ్బీ. అది లేకుండా అమ్మ పాయసం దింపదు. చిటికెడు తీసి గిన్నె మీదికి చెయ్యి చాచింది. పిన్ని ఆ మణికట్టు పట్టుకుంది.

"అది ఒద్దు అప్పా."

ఎందుకో అమ్మకి అర్థం కాలేదు. పిన్ని స్టవ్వు మంట తగ్గించింది. తర్వాత మెల్లిగా చెప్పింది. వాళ్ళలో మనిషి పోతే ఆఖరి స్నానం నీళ్ళలో కర్పూరం కలుపుతారట. వాళ్ళాయన పోయినప్పుడు మూడ్రోజులు ఇంట్లో ఆ వాసనేనట. అది విని అమ్మ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. నా పక్కన కూర్చున్న అతను తల వంచుకున్నాడు. మీటింగులో ఆ మాట దగ్గర వంచుకున్నట్టే వంచుకున్నాడు. పండగ వాసనంటే మా పచ్చకర్పూరమే అని నేను పదేళ్ళు మైకులో చెప్పింది, తండ్రికి స్నానం చేయించిన కొడుక్కి.

"మరి ఇన్నాళ్ళూ ఎలా తిన్నారే?" అంది అమ్మ.

"నువ్వు పంపేవు. తిన్నాం."

"సెప్పొచ్చు కదే."

"సెప్తే పంపడం మానేస్తావని," అంది పిన్ని.

అమ్మ వేళ్ళకున్న కర్పూరాన్ని కొంగుకి తుడుచుకుంది. డబ్బీ మూత పెట్టి కొంగున కట్టకుండా నా వైపు చాచింది, దూరంగా పెట్టమన్నట్టు. నేను వెళ్ళి తీసుకుని జేబులో వేసుకున్నాను. తర్వాత ఇద్దరూ ఆ గిన్నె దగ్గరే కూర్చుని తిన్నారు. అమ్మ రెండుసార్లు వడ్డించుకుంది. బాగుందని ఒక్క మాటా అనలేదు. అన్నీ వంకలు పెట్టే మనిషి ఏ వంకా పెట్టకుండా తింటుంటే చూసి నా కళ్ళు చెమర్చాయి. ఇందుకు అడ్డం పడాలని చూశానే అని నామీద నాకే అసహ్యం వేసింది. ఇక్కడితో ఆపేస్తే నేను కూడా మంచివాణ్ణే. కానీ పిన్ని ఇంకో కప్పు నింపి తెచ్చి నా ముందు పెట్టింది.

"నువ్వూ తిను నాయనా."

గిన్నె కొత్తది. పాలు, నెయ్యి మా పళ్ళెంలో వచ్చినవే. మా అమ్మ ఎదురుగా కూర్చుని తిన్నది. ఇక వంక పెట్టడానికి ఏదీ లేదు. అయినా లోపల్నించి ఏదో వద్దంది. అది తాతో, పాత్రపూరో, ఎన్నేళ్ళ నుంచో నాలో కూర్చున్న భయమో నాకిప్పటికీ తెలీదు. చెయ్యి కప్పు దాకా వెళ్ళలేదు. నోరు మాత్రం దానంతటది కదిలింది.

"నాకు షుగర్ పిన్నీ."

పక్కన అతను నావైపు చూడలేదు. రెండు రసగోలాలు తినే నన్ను పదేళ్ళుగా చూసినవాడు, ఆ మర్యాద కొద్దీ గోడమీద కేలండరు చూశాడు. పిన్ని మాత్రం, అయ్యో ఎప్పట్నించి నాయనా అని అడిగింది. ఈ మధ్యే అన్నాను. అది అబద్ధం కాదు, అరనిమిషం కిందటే వచ్చింది. వంటింట్లోంచి అమ్మ నన్ను చూసింది. ఇంటికొచ్చేదాకా, వచ్చాక కూడా, దాని గురించి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

వాళ్ళు ఆ తర్వాతి వారం వెళ్ళిపోయారు. గోడ దగ్గర అమ్మ కుర్చీ మాత్రం అలాగే ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు మావాళ్ళే, గోడ ఇంకో రెండు అడుగులు లేపారు.

రథయాత్ర ముందరి మీటింగుకి అతనే ఆ కొసనించి వచ్చి మైకు కట్టాడు. నా పేరు పిలిచారు. కథ మొదలుపెట్టాను గానీ పచ్చకర్పూరం దగ్గరికొచ్చేసరికి ఆంప్లిఫయరు వైపు చూశాను. ఆ ముక్క వదిలేసి ముగించేశాను. చప్పట్లు పల్చగా పడ్డాయి. తర్వాత పళ్ళేలు వచ్చాయి. రసగోలాకి చెయ్యి చాచాను, అలవాటు కదా. ఆంప్లిఫయరు వెనక నుంచి అతని గొంతు వినిపించింది.

"మాస్టారికి షుగర్ ఉంది. రసగోలా ఇవ్వకండి. టీ కూడా పంచదార లేకండా ఇవ్వండి."

వెటకారం ఇసుమంత కూడా లేదు. ఎంత వెతికినా దొరకలేదు. ఇన్‌స్పెక్టరు జాలిపడి కాకరకాయ రసం తాగమన్నాడు. ఒక హాజీగారు మెంతులు నానబెట్టుకోమన్నారు. గుడి ధర్మకర్త ఒకాయన నేరేడు గింజల పొడి గురించి చెప్పాడు. హాజీగారు ఆ పొడి ఎక్కడ దొరుకుతుందో ఆయన్ని అడిగి రాసుకున్నారు. ఫోటో కోసం కాకుండా అన్ని కుర్చీలూ ఒకవైపు జరగడం ఆ కమిటీలో అదే మొదటిసారి. అప్పట్నించీ బరంపురంలో ఎక్కడికెళ్ళినా చప్పటి టీయే తాగుతున్నాను. కాదనడానికి లేదు, కాదంటే ఆరోజు పిన్ని ఇంట్లో ఎందుకు తినలేదో చెప్పాలి.

ఈ ఏడు రంజాన్‌కి అతను స్కూటరు మీద వచ్చాడు. ఈసారి రెండు తెచ్చాడు. ఒకటి మూతపెట్టిన స్టీలు గిన్నె, కాగితం అంటుకున్న ఆ గిన్నే. రెండోది జాలీ గుడ్డ కప్పిన పళ్ళెం. గిన్నె అమ్మ ముందు పెట్టాడు, పళ్ళెం నాకిచ్చాడు.

"అమ్మగారికి వండింది పంపింది మా అమ్మ. మాస్టారికి ఎప్పట్లాగే పచ్చిది. ఇందులో పంచదార ఎయ్యలేదు, మాస్టారికి పడదు కదా అంది," అన్నాడు.

గుడ్డ తీసి చూశాను. సేమియా, జీడిపప్పు, నాలుగు ఏలకులు, నెయ్యి, పాలు ఉన్నాయి. ఏటా పంచదార పొట్లం ఉండే చోట ఖాళీగా ఉంది. కిస్‌మిస్ కూడా వెయ్యలేదు, అందులోనూ తీపి ఉంటుందని కాబోలు. పిన్నికి తెలిసే చేసిందో, నిజంగా నా ఆరోగ్యం గురించే చేసిందో అతని మొహం చూస్తే తెలియలేదు. అతను మంచినీళ్ళు తాగి, ఇంకా వెళ్ళాల్సిన ఇళ్ళున్నాయని వెళ్ళిపోయాడు.

అమ్మ గోడ పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళింది. నా పళ్ళెంలో ఉన్నది ఉన్నట్టు వండింది. పంచదార వెయ్యలేదు, కర్పూరం వెయ్యలేదు. ఆ డబ్బీ మా ఇంట్లో ఇప్పుడు దేవుడి గూట్లో ఉంటుంది, వంటింట్లోకి రాదు. తెచ్చి నా ముందు పెట్టి, తన గిన్నె తను ముందేసుకుని కూర్చుంది. నేను తిన్నాను. పాలలో ఉడికిన పిండి, అంతే. ఎదురుగా అమ్మ గిన్నెలోంచి వేయించిన జీడిపప్పు వాసన, చిక్కటి పాల వాసన వస్తోంది. ఆరోజు నేను వద్దన్నది ఎలా ఉంటుందో తెలుసుకోవాలని నిజంగా మనసు పీకింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కదా, అడిగాను. అమ్మా, అందులోంచి ఒక్క చెంచా పెట్టు అన్నాను.

అమ్మ గిన్నెని తన అటుపక్కకి జరుపుకుంది.

"నీకు సుగరు కదరా," అంది.